రాస్తుంటేనే పాఠం

మొన్న ఒక పని గురించి ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే, మాతో కొత్తగా చేరినామె ఒక సంగతి అడిగింది.

"అన్నా, లైవ్ బోర్డుల చెరిపేసిన గీతలు గూడ పిల్లలకు కనవడేటట్టు ఒక సెట్టింగ్ ఉంది. ఎవరన్న వాడుతున్నట్టు లేదు. తీసేద్దామా?"

మేము పనిచేసేది పాఠాలు చెప్పుకునే ఒక సాఫ్ట్‌వేర్ మీద. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ బడికి కావలసినట్టు మార్చుకోవచ్చు. అది ఎవరి సొంతమూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక దొరికినప్పుడు తలా ఒక చేయి వేస్తుంటారు. ఉద్యోగం పోను మిగిలిన వేళల్లో నేనూ వేస్తాను.

"ఉండనియ్" అన్నాను.

"ఎందుకు?" అంది.

న్యాయమైన ప్రశ్నే. కానీ, ఆ సెట్టింగ్ పట్టుబట్టి పెట్టించిన మనిషి నోట నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట అదే. తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఆమెకు చెప్పవలసింది ఇదీ.

ఆయన మాకు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పారు. పాతబస్తీలో ఒక ప్రైవేటు కాలేజీ. నేను ధూల్‌పేట నుంచి నడిచి వెళ్లేవాణ్ని. మా ఇంట్లో వినాయకుల బొమ్మలు చేస్తారు. చవితి ముందు రోజుల్లో నా చేతులకు అంటిన రంగు ఎంత కడిగినా పోయేది కాదు. సార్ క్లాసులోకి వస్తూనే నా వేళ్ల వంక చూసేవారు.

"ఇయ్యాల ఏం రంగురా?"

"నీలం, సార్."

"నీలం నీలంగ ఎందుకు కనవడుతది?"

అంతే, ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలయ్యేది. హాజరు తీసుకోవడం మర్చిపోయేవారు. మేం ఏ జవాబు చెప్పినా దాని మీద ఇంకొక "ఎందుకు?" వచ్చి పడేది. మూడో "ఎందుకు" దగ్గర చాలామందిమి కూర్చుండిపోయేవాళ్లం. ఆయన మాత్రం అప్పుడే హుషారుగా చొక్కా చేతులు పైకి మడిచేవారు.

వాళ్లది హుస్సేనీ ఆలంలో తరాలుగా పాల వ్యాపారం చేసే ఇల్లు. కింద బర్రెలు, పైన మనుషులు. కాలేజీకి వచ్చే ముందు సార్ స్కూటరుకు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని హోటళ్లకు పోసి వచ్చేవారు. గొంతు పెద్దది. "బర్రెలను అదిలించిన గొంతు, ఫిజిక్స్‌కు అక్కరొచ్చింది" అని వాళ్లన్న ఎగతాళి చేసేవాడు. పక్క సెక్షన్‌లో తెలుగు పాఠం జరుగుతుంటే అక్కడి పిల్లలు గోడ అవతలి నుంచి మా ఫిజిక్స్ నోట్సు రాసుకునేవాళ్లు. ఆ తెలుగు మేడం వచ్చి "సార్, జర మెల్లగ" అని బతిమాలడం నాకు గుర్తుంది. "మెల్లగ చెప్తే మెల్లగ అర్థమైతది మేడం" అన్నారాయన.

ఆ గొంతుకే జబ్బు వచ్చింది.

అప్పటికి నేను మాదాపూర్‌లో ఉద్యోగంలో ఉన్నాను. గొంతు బొంగురుపోతే చాక్‌పీసు దుమ్మని చాలా కాలం లెక్కచేయలేదట. తీరా చూపించుకుంటే డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీసేశారు. మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి. ఆ రంధ్రం మీద కప్పుకోవడానికి భార్య తెల్లని మల్లు గుడ్డతో చిన్న చిన్న ముక్కలు కుట్టి, పసిపిల్లల లంగోటీల్లా దండెం మీద ఆరేసేది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు ఎండలో అవే వరసగా కనిపించాయి. అవేమిటో నాకు మొదట తెలియలేదు.

చాయ్ వచ్చింది. సార్ సాసర్‌లో పోసుకుని దాని వంక చూస్తూ కూర్చున్నారు. ఊదలేరు. ఊపిరి నోట్లోంచి రాదు కదా. వేడి దానంతటదే తగ్గేదాకా ఆగారు. వాసన కూడా తెలియదట. బర్రెల కొట్టం మీద కాపురముండి పేడ వాసన తెలియకపోవడం ఒక్కటే తనకు దక్కిన లాభమని పిల్లల పలక మీద రాసి చూపించి, భుజాలు కదిలిస్తూ నవ్వారు. నవ్వులో శబ్దం లేదు. నేను వెంటనే నవ్వలేకపోయాను.

ఆయన పెదవుల కదలికను చదవగలిగింది భార్య ఒక్కతే. మేమందరం ఆమెను అమ్మ అనేవాళ్లం. ఆమె చదివి చెప్పేటప్పుడు తన మాట కూడా ఒకటి కలిపేది.

"సన్నవడ్డవ్ అంటున్నడు. పెండ్లి చేస్కో, వంట చేసుకునుడు చాతగాకపోతే అంటున్నడు."

సార్ పలక మీద టకటక కొట్టి అడ్డంగా తలూపేవారు. మొదటి మాట తనది, రెండోది కాదని. ఆమె "మనసుల అనుకున్నడు" అనేది.

ఆపరేషన్ తర్వాత ఆయన మళ్లీ కాలేజీకి వెళ్లారు. బోర్డు మీద రాసి చెప్పవచ్చుననుకున్నారు. కొన్నాళ్లు నడిచింది. ఆయన బోర్డు వైపు తిరగగానే వెనక సందడి మొదలయ్యేది. డస్టరుతో బల్ల మీద కొడితే ఒక క్షణం ఆగేది. చెడ్డ పిల్లలేమీ కాదు, ఆ వయసు అంతే. ఒకరోజు ఆయన సగం సమీకరణం రాసి, చాక్‌పీసు అక్కడే పెట్టి, మెట్లు దిగి ఇంటికి వచ్చేశారు. ప్రిన్సిపాల్ ఆపే ప్రయత్నం చేయలేదు. నేను దాని గురించి అడిగితే పలక మీద ఇలా రాశారు:

"వెనక్కి తిరిగితే నా దగ్గర ఏం లేదు."

రాసిన వెంటనే తుడిచేశారు.

నాకు వచ్చిన విద్య ఒక్కటే కనుక మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. మనం టైపు చేసినదాన్ని చదివి వినిపించే గొంతు అందులో ఉంది. "కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది" అని కొట్టాను. ఒక మగ గొంతు, ఎక్కడా తడబడకుండా, వార్తలు చదివినట్టు చదివింది. కింద బర్రె ఒకటి అరిచింది. సార్ చెవి ఒగ్గి అంతా విని, రాశారు:

"ఈయన ఎవరు?"

"ఎవరూ కాదు సార్. మిషన్."

"మరి నా క్లాస్‌ల ఎందుకున్నడు?"

మళ్లీ ఆ ఊసెత్తలేదు నేను.

జహనుమాలో ఒక స్టడీ సెంటర్ ఉంది. ఇంటర్ తప్పినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు మళ్లీ పరీక్ష కట్టేందుకు అక్కడ చదువుకుంటారు. ఎక్కువమంది ఆడపిల్లలు. రోజూ సెంటర్‌కు రాలేనివాళ్ల కోసం మా సాఫ్ట్‌వేర్‌లోనే పాఠాలు పెట్టుకున్నారు. ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేరని విని సార్ పేరు చెప్పాను. గొంతు ఆపరేషన్ అయింది, మాట్లాడలేరని ముందే చెప్పాను. వాళ్లు సరేనన్నారు.

సార్ మొదట కష్టపడి పాఠాలన్నీ టైపు చేసి, బొమ్మలు స్కాన్ చేసి పెట్టారు. నెల తిరిగేసరికి చూస్తే పిల్లలు వాటిని తెరిచి, మూసేసి వెళ్లిపోతున్నారు. పరీక్ష పెడితే తెల్లకాగితం. ఆయన నన్ను పిలిపించారు. వెళ్లేసరికి పలక మీద ముందే రాసి సిద్ధంగా ఉంది:

"రాసి పెట్టింది పాఠం కాదు. రాస్తుంటేనే పాఠం."

అలా మొదలైంది ఆ పని. అప్పటికి ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యక్షంగా క్లాసు చెప్పే వీలు లేదు. వీడియో కాల్ పెట్టుకోవచ్చు కదా అని సెంటర్ వాళ్లు అన్నారు. వీడియో కాల్‌లో మాట్లాడే మనిషిదే రాజ్యం. పైగా ఆ పిల్లల ఇళ్లలో ఒక ఫోను, నలుగురు మనుషులు. డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. సార్‌కు కావలసింది వేరు. తను రాసేది వాళ్లకు కనిపించాలి, వాళ్లు మాట్లాడేది తనకు వినిపించాలి. వాళ్లకు గొంతుంది, తనకు చేయి ఉంది. అంతవరకు చాలు.

మా ఆఫీసులో ఒకతను వాడకుండా పక్కన పడేసిన పెన్ టాబ్లెట్ తెచ్చి ఇచ్చాను. నల్లగా, నున్నగా ఉండే పలక. దాని మీద ప్లాస్టిక్ కలంతో రాస్తే కంప్యూటర్ తెర మీద గీత పడుతుంది. కొన్ని వారాలు కూర్చుని లైవ్ బోర్డు తయారు చేసి తీసుకువెళ్లాను. నేను తెలివిగా చేశాననుకున్నది ఏమిటంటే, గీత మొత్తం పూర్తయి కలం పైకి లేచాకే అది పిల్లల ఫోన్లకు వెళుతుంది. డేటా ఆదా. సార్ ఒక వృత్తం గీసి, నా ఫోన్‌లో ఎలా పడుతుందో చూశారు. ఏమీ లేని చోట ఒక్కసారిగా వృత్తం ఊడిపడింది.

"దయ్యం రాత" అని రాశారు.

"డేటా తక్కువైతది సార్."

ఆయన పలక మీద పెద్ద ప్రశ్నార్థకం వేశారు. గొంతు పోయాక ఆయన "ఎందుకు" అదే అయింది. నేను మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కలం కదులుతున్న కొద్దీ గీత పాకేటట్టు చేశాను. అది నచ్చింది. ఆ తర్వాత చెరిపివేత దగ్గర గొడవ. మామూలుగా చెరిపేస్తే గీత మాయమైపోతుంది. ఆయనకు అలా వద్దు. కొట్టేసింది లేత బూడిద రంగులో కింద ఉండిపోవాలి. సార్ తప్పు చేస్తారని, చేసి, ఆగి, దిద్దుకుంటారని పిల్లలకు కనిపించాలి. దాని కోసం, ఏ మార్పు కలపాలో తేల్చే సాఫ్ట్‌వేర్ పెద్దలతో ఆయనే ఇంగ్లీషులో ఉత్తరాలు నడిపారు. వాళ్లలో ఒకరు ఇది అనవసరమైన బరువని రాస్తే, లెక్కలో కొట్టివేతే అసలు లెక్క అని జవాబిచ్చారు. చివరికి లైవ్ బోర్డు మొత్తం తీసుకున్నారు గానీ, ఈ ఒక్కదాన్ని మాత్రం కావలసినవాళ్లు పెట్టుకునే సెట్టింగ్‌గా మార్చారు. సార్ వారం రోజులు ముభావంగా ఉన్నారు. "ఆ పెద్దమనుషులకు తప్పులు రావంట" అని ఆయన తరఫున అమ్మ అంది. ఈసారి ఆయన పలక మీద కొట్టలేదు.

క్లాసులు సాయంత్రం పూట జరిగేవి. నేను మొదటి రోజుల్లో పక్కన కూర్చుని, ఎవరికైనా బోర్డు తెరుచుకోకపోతే ఏం చేయాలో మైకులో చెప్పేవాణ్ని. పిల్లల మైకులోంచి జహనుమా అంతా వినిపించేది. ప్రెషర్ కుక్కర్, అసర్ నమాజు పిలుపు, ఎవరి తమ్ముడో ఫోను కోసం ఏడవడం. ఆ మధ్యలోంచి "సార్, సమజ్ నహీ హువా" అనో, "సార్, మళ్లొకసారి చెప్పుండ్రి" అనో ఒక గొంతు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. జవాబు రాసేవారు.

ఒక చిక్కు వచ్చింది. ఆయన ఆలోచిస్తూ కలం ఆపితే పిల్లలు లైన్ పోయిందనుకుని వెళ్లిపోతున్నారు. మాటలున్న సారైతే దగ్గినా ఉన్నట్టు తెలుస్తుంది. దానికోసం కలం టాబ్లెట్‌కు దగ్గరలో ఉన్నంతసేపు తెర మీద ఒక చిన్న ఎర్ర చుక్క కనిపించేటట్టు చేశాం. ఆయన ఆలోచిస్తుంటే చుక్క చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఉండేది. "ఉన్న అని వాళ్లకు తెల్వాలె" అన్నారు పలక మీద.

ఆ క్లాసులో సనా అనే అమ్మాయి ఉండేది. ఫిజిక్స్ ఒక్కటే తప్పింది. ఇంట్లో తల్లీ తనూ లక్క గాజులకు రాళ్లు అతికించే పని చేస్తారు. అడిగిన ప్రశ్నకు ఈమె జవాబు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. ఒకరోజు సార్ ఆమె పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం వేశారు.

"సార్, బురా మత్ మానో" అంది సనా. "వేరే క్లాసులు పని చేస్కుంట వింట. మీ క్లాస్ గట్ల వినరాదు. మీరు మాట్లాడరు గద. చూద్దామంటే చేతుల గాజు ఉంటది, గోంద్ ఆరిపోతది."

మైకులో ఇంకెవరో "ఏయ్ సనా!" అని కసిరారు.  నేను సార్ వంక చూడలేకపోయాను. ఎర్ర చుక్క కాసేపు ఒకేచోట నిలబడిపోయింది. ఆపైన ఆయన రాశారు:

"నిజమే. పని ఎప్పటికి అయిపోతది?"

"మగ్రిబ్ లోపట అయిపోతది సార్."

"అయితే క్లాస్ మగ్రిబ్ తర్వాత."

మర్నాటి నుంచి క్లాసు పొద్దుగూకి, ఆ నమాజు అయ్యాక మొదలయ్యేది. అంతేకాదు, ఆలస్యంగా వచ్చినవాళ్లు అప్పటిదాకా బోర్డు మీద జరిగింది మొదటి నుంచి గబగబా చూసుకుని క్లాసును అందుకునే ఏర్పాటు కూడా ఆయన నాతో చేయించారు. ఇప్పుడు దాన్ని ఎవరెవరో వాడుతుంటారు. అది ఒక గాజుల పిల్ల కోసం పుట్టిందని వాళ్లకు తెలియదు.

ఆ బ్యాచ్ పిల్లలెవరూ సార్‌ను చూడలేదు. కెమెరా పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. మెడ మీద గుడ్డ ముక్క ఒక కారణం. అమ్మ ఒకసారి "రుమాలు కట్టుకుని కూసో, మంచిగనే కనవడ్తవ్" అంది. ఆయన వినలేదు.

జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. చేయగలిగింది తక్కువని డాక్టర్లు ఆయనకే సూటిగా చెప్పారు. మందులకు ఒళ్లు తగ్గిపోయింది. చేయి వణకడం మొదలైంది. అప్పుడు నడుస్తున్న పాఠం కటకాలు. వెలుగు కిరణాలను తిన్నగా గీయాలి, కటకంలో వంచాలి, అవతల ఒక బిందువు దగ్గర కలపాలి. సార్ గీసిన కిరణం వానపాములా వంకరలు తిరిగింది. కొట్టేసి మళ్లీ గీశారు. మళ్లీ అలాగే వచ్చింది. బూడిద రంగు వంకర గీతలతో బోర్డంతా నిండిపోయింది.

"సార్, మీ చెయ్యి వణుకుతుందా?" అడిగింది సనా. పాపం, ప్రేమగానే అడిగింది. "తబియత్ ఠీక్ లేదా సార్?"

ఇంకొక పిల్ల గొంతు తగ్గించి అంది: "సార్‌కు బాగ లేదట. మా అమ్మీ అంటుండె. ఇగ క్లాసులు బంద్ అయితయట."

ఆ రోజు ఆయన క్లాసు త్వరగా ముగించారు. కలం కింద పెట్టి చేతిని ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎవరిదో చేయి అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. తర్వాత పలక అందుకున్నారు. ఆ అక్షరాలూ వంకరగానే ఉన్నాయి.

"గీత సీదా చెయ్యి."

అంటే చేతి వణుకు పిల్లల తెర మీద పడకుండా, సాఫ్ట్‌వేర్ గీతను సవరించి పంపాలి. అది చేయవచ్చు. కష్టమేమీ కాదు. కానీ నాకు మింగుడుపడలేదు.

"తప్పులు గూడ కనవడాలె అన్నది మీరే గద సార్?"

ఆయన చాలాసేపు తీసుకుని రాశారు.

"తప్పు చూస్తే లెక్క వస్తది. వణుకు చూస్తే ఏమొస్తది? వాళ్లు ఫిజిక్స్ చూడాలె. నన్ను కాదు."

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఈసారి పెదవులు చదవాల్సిన పని లేదు, పలక కనిపిస్తూనే ఉంది. "చెయ్యకు బిడ్డా" అంది నాతో. "వాళ్లకు తెల్వనియ్. తెలిస్తే వాళ్లే ఊకుంటరు. ఈయన ఊకోడు."

సార్ ఆమె వైపు తిరగలేదు. నా వంకే చూశారు.

నేను చేశాను. ఆ మార్పును అందరి సాఫ్ట్‌వేర్‌లో కలపలేదు, సెంటర్ కంప్యూటర్‌లో మాత్రమే పెట్టాను. గీత తిన్నగా రావాలంటే అది ఎటు పోతుందో కొంచెం ముందుగా తెలియాలి, అందుకని ఆయన చేయి కదిలాక కాస్త ఆగి గీత పిల్లలకు చేరేది. ఆ కాస్త జాప్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు కిరణాలు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి.

"మాషా అల్లా! సార్ ఠీక్ అయిపోయిన్రు" అని మైకులో ఎవరో అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. సార్ భుజాలు కదిలాయి. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఇక ఫికర్ లేదనుకున్నారు పిల్లలు. పరీక్షలు దగ్గర పడ్డాయి. "సార్, ఆదివారం గూడ పెట్టుండ్రి" అని సనా అడిగింది. పెట్టారు. "సార్, విద్యుత్తు మళ్లొకసారి మొదటి నుంచి" అని ఇంకొకరు అడిగారు. సరేనన్నారు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నేను చూస్తున్నాను. వీపు వెనక దిండ్లు, ముక్కుకు బదులు మెడ దగ్గర ఆక్సిజన్ గొట్టం. గీతను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది గానీ అంకెలను చేయలేకపోయేది. మూడు ఎనిమిదిలా పడేది. దాన్ని కొట్టేసి మళ్లీ రాయడానికి ఆయనకు ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది. ఎర్ర చుక్క ఆగకుండా సున్నాలు చుట్టేది. సార్ ఆలోచిస్తున్నారనుకుని పిల్లలు ఓపిగ్గా ఎదురుచూసేవాళ్లు. చివరి రోజుల్లో అమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆయన మోచేతి కింద తన అరచేయి పెట్టి పట్టుకునేది. వద్దన్న మనిషే పట్టుకునేది. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకునేవాళ్లు కారు. ఇద్దరి చూపూ తెర మీదే.

ఆఖరి క్లాసు ఆదివారం. సందేహాలన్నీ అయ్యాక, "పరీక్షల ముందు ఇంకొక్క క్లాస్ సార్" అని సనా అడిగితే, "చూద్దాం" అని రాశారు. ఆయన అలా రాయడం అదే మొదటిసారి. వాళ్లు దాన్ని సరే అనే అర్థం చేసుకున్నారు.

బుధవారం పొద్దున పోయారు.

సనా ఆ పరీక్ష పాసైంది. ఫిజిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, చివర చెబితే అంతా దాని కోసమే జరిగినట్టుంటుంది. ఆ రోజుకు పరీక్ష ఇంకా రాయనే లేదు.

కబురు సెంటర్ ద్వారా వెళ్లింది. సార్‌ను వాకిట్లో పడుకోబెట్టాం. బర్రెలను ఆ పూటకు పక్కింటి వాళ్ల దొడ్లోకి తోలారు. పాత విద్యార్థులం చాలామందిమే వచ్చాం. పురానాపూల్ శ్మశానానికి తీసుకువెళ్లడానికి పాడె కడుతున్నారు. అప్పుడు సనా వాళ్ల నాన్నతో వచ్చింది. బురఖా ముసుగు పైకి తీసి, వాకిలి మొదట్లోనే నిలబడి అందరి ముఖాలూ చూసింది. ఎవరిని అడగాలో తెలియలేదు. నా గొంతు పోల్చుకుని దగ్గరికి వచ్చింది.

"అన్నా, సార్ ఈయనేనా?"

అవునన్నాను. ఆమె ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్లు క్లాసులను గడగడలాడించిన మనిషి ముఖం అప్పటికి అరచేతంత మిగిలింది. మెడ మీద ఉతికిన కొత్త గుడ్డ.

"మొన్న ఆదివారం గీతలు మస్తు సీదా గీసిన్రు గదన్నా" అంది. "గింత బీమారు మనిషి గట్ల ఎట్ల గీస్తడు?"

"సీదా చేసింది మిషన్, సనా. సారే చెయ్యమన్నరు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆ తర్వాత ముఖం మారిపోయింది.

"మరి మేము ఇంకో క్లాస్, ఇంకో క్లాస్ అని లొల్లి చేసినప్పుడు..."

 అమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు కూడా పోయింది. అయినా తల ఎత్తి అంది.

"నేను వద్దన్ననమ్మా. మీరడుగుతున్నరని నా మాట ఇనలే."

అందులో ఓదార్పు ఏమీ లేదు. నిందా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సనా వాళ్ల నాన్న కూతురి భుజం మీద చేయి వేసి "చలో బేటా" అన్నాడు. ఆమె కదల్లేదు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, సార్ ఏ చేత్తోటి రాసేటోళ్లు?"

ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను. బోర్డు ముందు కూర్చుని చదివిన మాకు ఆ సంగతి అడగాల్సిన పనిలేదు. ఈ పిల్లలు చూసింది గీతనే. గీతకు చేయి ఉండదు.

అమ్మ ఆ పిల్ల వంక కాసేపు చూసింది. ఆపైన బంతిపూల దండ పక్కకు జరిపి, దుప్పటి కిందికి చేయి పోనిచ్చి, ఆయన ఎడమ చేతిని బయటికి తీసింది. సూదులు గుచ్చిన చోట్ల నల్లబడి, వాచి ఉంది.

"ఎడమ చెయ్యా?" అంది సనా. "మాకు తెల్వనే తెల్వదమ్మా."

అమ్మ ఆ చేతిని తన అరచేతిలో అలాగే పట్టుకుని ఉంది. సనా ముట్టుకోలేదు. వంగి, వేళ్లనూ గోళ్లనూ మణికట్టునూ ఒక్కొక్కటే చూసుకుంది.

బయటి నుంచి సార్ వాళ్లన్న గొంతు వినిపించింది.

"ఇగ లేపుదాం."